‘బృందం’లో కలిసిపోయిన పేర్లు

రాత్రి షిఫ్టు పడ్డ వారం మా నాయన సగం కథే వినేవాడు. కాసిపేటలో మల్లన్న కథ పొద్దుగూకినంక మొదలైతే తెల్లారేదాకా సాగేది. మల్లన్న పెళ్లాడిన గొల్ల కేతమ్మ ఊసు ఎత్తుకునే వేళకు ఆయన లేచి, తువ్వాల భుజాన వేసుకొని బొగ్గుబాయి తొవ్వ పట్టేవాడు. పొద్దున మసిమొహంతో ఇల్లు చేరి, నీళ్లు పోసుకోకముందే అమ్మను అడిగేవాడు: “ఆ తర్వాత ఏమైందే?” అమ్మ పొయ్యి ముందర కూర్చొని మిగతా కథ చెప్పేది. ఆ కథ చెప్పే ఒగ్గు పూజారి రాగం ఆమెకు రాదు. మాట మాత్రం ఒక్కటీ తప్పేది కాదు.

కాసిపేట అంటే కాజీపేట అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాది మంచిర్యాల జిల్లాలో, మందమర్రి, బెల్లంపల్లి పక్కనున్న ఊరు. బెల్లంపల్లి దిక్కు 1927-28లో బొగ్గు తవ్వకాలు మొదలయ్యాయి. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. ఆ పట్టాల వెంట కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి పనికోసం జనం వచ్చారు. వచ్చినోళ్లు మూటాముల్లెతో పాటు తమ దేవుళ్లను తెచ్చుకున్నారు, ఆ దేవుళ్ల కథలు చెప్పేవాళ్లనూ పిలిపించుకున్నారు. బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ అట్లా కార్మికవాడలకు చేరారు.

అంతకు చాలా ముందు నుంచే ఈ అడవుల్లో పాట ఉంది. గోండుల వంశగాథలు పాడే హక్కు ప్రధానులది, తోటులది. చేతిలో కిక్రి అనే మూడు తీగల వాయిద్యం. కమానుతో దాన్ని వాయిస్తూ ఏ ఇంటివాళ్లు ఏ దేవర బిడ్డలో, ఎటు నుంచి ఎటు వచ్చారో పాడతారు. ప్రతి ప్రధాన్ కుటుంబానికీ తాను పాడవలసిన గోండు ఇళ్లు ఉండేవి. ఆ ఇళ్లలో పూజైనా, చావైనా వాళ్లు రావలసిందే. ధాన్యమో పశువో ముట్టజెప్పడం గోండు ఇంటి బాధ్యత. 1940లో గోండు వీరుడు కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక ఆదివాసుల స్థితిగతులు చూడడానికి నిజాం సర్కారు పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, మార్లవాయిలో ఉండి ఈ గాథలను రాసిపెట్టాడు. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. గుస్సాడీ ఆడేవాళ్ల వెనక డోలు కొట్టినవాళ్ల గురించి, పెప్రె ఊదినవాళ్ల గురించి నేను చదివిన వాటిలో ఒక్క ముక్క కూడా లేదు. నా బాధ అక్కడే మొదలవుతుంది.

మల్లన్న, బీరప్పల గాథలు చెప్పే ఒగ్గు కథ కూడా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఒగ్గు అంటే శివుని డమరుకం. దాన్ని పట్టుకున్న ప్రధాన కథకుడు ముందుంటాడు. పక్కన వంత పాడేవాళ్లు, డోలు, తాళం. మొదట నేలమీద పట్నం అనే ముగ్గు వేస్తారు. నేను ఎన్నోసార్లు మోకాళ్లమీద కూర్చొని చూశాను. బియ్యప్పిండిని రెండు వేళ్ల సందులోంచి జారవిడుస్తుంటే గీత ఎక్కడా తెగదు. పసుపు, కుంకుమ, ఎండుటాకుల పొడి ఒకదాని పక్కన ఒకటి చేరతాయి, ఏ రంగూ పక్కదానిలో కలవదు. ఆ పట్నం వేసే చేయి తరచూ కథకుడిది కాదు, వంతగానిది. కథకుడు ఊపిరి తీసుకునే సందులో రాగాన్ని కింద పడకుండా పట్టుకునేది కూడా అతనే. కథకుడు రాణి అయితే వంతగాడు చెలికత్తె, కథకుడు రాజైతే ఇతను మంత్రి. కునికే పిల్లలను నవ్వించి లేపేదీ అతనే.

ఈ విద్యకు పేరు తెచ్చిన ఇద్దరు పెద్దలు వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు, జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య. రాములు 2010లో, సత్తయ్య 2017లో కన్నుమూశారు. సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా దక్కింది. వాళ్లు ఎంత గొప్పవాళ్లో వేరే చెప్పక్కర్లేదు. రేడియోలో ఇట్లాంటి కథ వచ్చినప్పుడు ముందుగా ఒక పేరు వినబడేది, ఆ వెంటనే ‘బృందం’ అనే మాట. నలుగురైదుగురు మనుషులు ఆ ఒక్క మాటలో కలిసిపోయేవారు. 1986లో ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం వచ్చాక మా దిక్కు గొంతులు మా ఇంట్లోనే వినిపించడం గొప్ప సంబురం. అయినా ‘బృందం’ అనే ఆ మాట మారలేదు.

పాట రాసినవాళ్లకూ ఇదే గతి పట్టింది. దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య ఫార్మసిస్టుగా ఉద్యోగం చేస్తూ పాటలు కట్టాడు. ‘ఊరు మనదిరా’ పాట తెలియని బాయి లేదు, వాడ లేదు. అది అంజయ్యదని తెలిసినవాళ్లు మాత్రం ఆ పాట పాడినవాళ్లలో పదోవంతు కూడా ఉండరని నా నమ్మకం. 1980ల్లో సమ్మెల కాలమంతా గొంగడి కప్పి, గజ్జె కట్టి పాడిన జట్లు ఒగ్గు కథ దరువునే తీసుకున్నాయి. ఆ గొంగడి నేసిందీ కురుమలే, ఒగ్గు కథను తరతరాలుగా మోసినవాళ్లలోనూ కురుమలున్నారు. 2016 జూన్‌లో అంజయ్య పోయిననాడు మా వాడలో ఎవరో ఆ పాట పెట్టారు. పక్కింటి పిల్లగాడు “ఇది గద్దర్‌ది గదా” అన్నాడు.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, అందుకే పాట పోయిందని అంటుంటారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. మా దగ్గర పాడేవాళ్లకంటే ముందు వినేవాళ్లు పోయారు. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్ల పనిని యంత్రాలు చేస్తున్నాయి. క్వార్టర్లు ఖాళీ అయి, వాకిళ్లలో తుమ్మలు మొలిచాయి. కథ చెప్పించాలంటే పది ఇళ్లవాళ్లు చందా వేసుకోవాలి, రాత్రంతా మేలుకోవాలి. ఆ పది ఇళ్లు ఒక్కచోట లేవు. డోలు చర్మం వదులైతే బిగించడానికి ఖర్చు అవుతుంది. పిలుపు లేనినాడు ఆ ఖర్చు ఎవరు పెడతారు? కొడుకు ఆటో తోలుతాడు, డోలు దూలానికి వేలాడుతుంది.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా నాయనను అడిగాను. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినబడవు. మా వాడకు వచ్చే ఒగ్గు జట్టులో ఎవరెవరు ఉండేవారో చెప్పమన్నాను. కాసేపైనా ఆలోచించలేదు. కుడిపక్క డోలు కొట్టినాయన ఇంటిపేరు, ఊరు, ఆయన తమ్ముడు ఏ బాయిలో పనిచేసిందీ చెప్పాడు. తాళం వేసిన మనిషికి ఎడమచేతి చిటికెనవేలు లేదన్నాడు. పట్నం వేసినాయనకు పొగాకు కావాలని, కథ మధ్యలో తానే చుట్ట ఇచ్చి పోయేవాడినన్నాడు. నేను రాసుకుంటున్నాను. నాలుగు పేర్లయ్యాయి. ఐదోది గుర్తుకు రాక అమ్మ వైపు తిరిగి గట్టిగా అడిగాడు, “ఆ పిల్లగాడు, మల్లన్న కథల మేడలమ్మ వేషం కట్టేటోడు, ఎవడే?”

“నేను బాయికి పోయాక వచ్చేటోడు గదా, నువ్వే జూసినవు” అన్నాడు. అమ్మ చేతిలో చేట పక్కన పెట్టి చెప్పింది.