బుల్సార్ వారబ్బాయి

పంచగని, 1958. సెయింట్ పీటర్స్ బోర్డింగు స్కూలు. పియానో ముందు పన్నెండేళ్ల కుర్రాడు. పళ్లు ఎత్తుగా ఉంటాయని తోటివాళ్లు 'బకీ' అని ఏడిపిస్తారు. రేడియోలో పాట అప్పుడే అయిపోయింది. వేళ్లు మెట్ల మీద కదిలాయి. అదే పాట! విన్నది ఒక్కసారే. మళ్లీ వాయించమని ఎవరో అడిగే ఉంటారు.

ఆ ఏడే ఐదుగురు కుర్రాళ్లు 'ది హెక్టిక్స్' బ్యాండు కట్టారు. పాడేది బ్రూస్ మరే. డ్రమ్స్ విక్టరీ రాణావి, తర్వాతి రోజుల్లో ఆయన నేపాల్ సైన్యంలో జనరల్. మనవాడిది పియానో; వెనక నుంచి గొంతు కలపడం. లోకమంతా మైకు పట్టిన మనిషిగా ఎరిగినవాడు మొదట మైకుకు దూరంగానే కూర్చున్నాడు.

పేరు ఫరోఖ్ బుల్సారా. కొండవీటి వారికి కొండవీడు ఎలాగో, ఆ పార్సీ కుటుంబానికి బుల్సార్ అలాగ. ఇప్పుడది వల్సాడ్. సూరత్‌లో ముంబై రైలెక్కితే నవసారి దాటాక వస్తుంది, డెబ్భై కిలోమీటర్ల దూరం. బ్రిటిషు కాలంలో సూరత్ జిల్లాలోదే. మన కరీంనగర్ నేతన్నలు మగ్గాల పనికి సూరత్ చేరినట్టే, ఆ తీరం పార్సీలు బతుకుదెరువుకు సముద్రం దాటారు. తండ్రి బోమీ జాంజిబార్ హైకోర్టులో క్యాషియరు. ఫరోఖ్ 1946 సెప్టెంబరు 5న అక్కడే పుట్టాడు. ఎనిమిదేళ్లకే పంచగని పంపారు.

కుర్రాడి చేతుల్లో సంగీతం ఉందని, విడిగా ఫీజు కడితే పియానో నేర్పిస్తామని హెడ్మాస్టరు ఇంటికి ఉత్తరం రాశాడు. క్యాషియరు ఎన్నిసార్లు లెక్క వేసుకున్నాడో గానీ, సరేనన్నాడు. నన్నడిగితే కథ మలుపు తిరిగింది ఆ ఉత్తరం దగ్గరే. కుర్రాడు నాలుగో గ్రేడు దాకా పాసయ్యాడు.

1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు. కుటుంబం ఇంగ్లండు చేరింది. 1970లో 'క్వీన్' బ్యాండు పుట్టింది. ఫరోఖ్ బుల్సారా పోయి ఫ్రెడీ మెర్క్యురీ వచ్చాడు. పియానో మాత్రం పోలేదు. 'బొహీమియన్ రాప్సడీ' పాటలో మోగే పియానో ఫ్రెడీదే. 1985 జూలై 13న లైవ్ ఎయిడ్ కచేరీ కోసం వెంబ్లీ వేదిక మీదికి పరుగున వచ్చి, జనానికి చేయి ఊపి, కూర్చున్నదీ పియానో ముందే.

1991 నవంబరు 24న, 45 ఏళ్లకు, ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. లండన్‌లో అంత్యక్రియలు జరిపించింది పార్సీ పూజారులు.

ఫ్రెడీ 1975లో కొనుక్కుని, 'బొహీమియన్ రాప్సడీ' కట్టుకున్న ఇంటి పియానోను 2023 సెప్టెంబరులో సోథబీస్ వేలం వేసింది. 17 లక్షల పౌండ్లకు పైగా పలికింది.