సెక్షన్ 8 వోచర్‌తో కిరాయిదారు వస్తే.. అమెరికాలో ఇల్లున్న మన కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

షికాగో, డల్లాస్, న్యూజెర్సీ వైపు స్థిరపడిన మన కుటుంబాల్లో కొందరికి ఉంటున్న ఇల్లు కాక ఇంకో ఇల్లు కూడా ఉంటుంది. మొదట్లో కొన్న చిన్న ఇంటిని అమ్మకుండా కిరాయికి ఇస్తారు. ఇంకొందరు హైదరాబాద్‌కో, గుంటూరుకో తిరిగొచ్చేసి, అక్కడి ఇంటి వ్యవహారం ఇక్కడి నుంచే చూసుకుంటారు. ఇల్లు ఖాళీగా ఉందని ప్రకటన పెట్టగానే వచ్చే ఫోన్లలో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది: "సెక్షన్ 8 వోచర్ తీసుకుంటారా?"

విషయం తెలియక కొందరు వెంటనే "తీసుకోం" అనేస్తారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ ఒక్క మాట మీదే కేసు పెట్టొచ్చు. మరికొందరు "గవర్నమెంటు డబ్బే కదా, ఎటూ పోదు" అని కాగితాలు పూర్తి కాకముందే తాళాలు చేతికిస్తారు. ఆ రోజుల కిరాయి ఎవరూ ఇవ్వరు. ఈ రెండు తప్పులూ జరగకుండా వోచర్ పద్ధతి మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుందో చూద్దాం.

వోచర్ అంటే ఏమిటి?

తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలు, వృద్ధులు, వికలాంగులు ప్రైవేటు ఇళ్లలో కిరాయికి ఉండేందుకు అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయమే హౌసింగ్ చాయిస్ వోచర్. 1937 నాటి హౌసింగ్ చట్టంలోని 8వ సెక్షన్‌ను 1974లో మార్చడంతో కిరాయి సాయం మొదలైంది. అందుకే జనం నోట ఇది "సెక్షన్ 8" అయింది. నిధులు ఇచ్చేది ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, అంటే హడ్. వోచర్లు ఇచ్చి, ఇల్లు తనిఖీ చేసి, కిరాయి పంపేది మాత్రం స్థానిక హౌసింగ్ అథారిటీ. దేశవ్యాప్తంగా ఇలాంటి అథారిటీలు 2 వేలకు పైగా, వోచర్ మీద ఉంటున్న కుటుంబాలు 20 లక్షలకు పైగా ఉన్నాయి.

ఇందులో కాగితాలు రెండు. ఇంటి యజమానికీ కిరాయిదారుకూ మధ్య లీజు ఒకటి. యజమానికీ హౌసింగ్ అథారిటీకీ మధ్య చెల్లింపుల ఒప్పందం ఇంకొకటి. దీన్ని హాప్ కాంట్రాక్ట్ అంటారు. ఈ రెండోది లేకుండా అథారిటీ నుంచి ఒక్క డాలర్ కూడా రాదు.

ఎవరు ఎంత కడతారు?

మామూలుగా కిరాయిదారు కుటుంబం తన నెల ఆదాయంలో, మినహాయింపులు పోగా, దాదాపు 30 శాతం పెట్టుకుంటుంది. మిగతాది అథారిటీ నేరుగా యజమానికి పంపుతుంది. అయితే అథారిటీ సాయానికి ఒక పరిమితి ఉంటుంది. దాని పేరు పేమెంట్ స్టాండర్డ్. ఆ ప్రాంతానికి హడ్ ఏటా ప్రకటించే ఫెయిర్ మార్కెట్ రెంట్‌లో సాధారణంగా 90 నుంచి 110 శాతం మధ్య దీన్ని నిర్ణయిస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆ సైజు ఇంటికి పేమెంట్ స్టాండర్డ్ 1,800 డాలర్లు అనుకోండి. మీరు అడిగే కిరాయి 1,600. కరెంటు, గ్యాస్ బిల్లులు కిరాయిదారే కట్టుకుంటారు. వాటికి అథారిటీ వేసే అంచనా 150. మొత్తం 1,750. కుటుంబం నికర ఆదాయం నెలకు 1,500 అయితే, అందులో 30 శాతం 450. కాబట్టి అథారిటీ మీకు పంపేది 1,300. కిరాయిదారు మీ చేతికి ఇచ్చేది 300. బిల్లులు వాళ్లే వేరుగా కట్టుకుంటారు.

ఇప్పుడు మీరు 1,800 అడిగారనుకోండి. బిల్లులతో కలిపి 1,950. పేమెంట్ స్టాండర్డ్ 1,800 దాటింది కాబట్టి అథారిటీ 1,350 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 600 కుటుంబం మీద పడుతుంది. అది వాళ్ల ఆదాయంలో సరిగ్గా 40 శాతం. కొత్తగా ఇంట్లో దిగేటప్పుడు, కిరాయి పేమెంట్ స్టాండర్డ్ దాటితే, కుటుంబం వాటా 40 శాతానికి మించకూడదని నియమం. అంటే మీరు ఇంకో 50 డాలర్లు ఎక్కువ అడిగినా ఈ కుటుంబానికి అనుమతి రాదు.

ఇది కాక ఇంకో పరీక్ష ఉంది. చుట్టుపక్కల వోచర్ లేని ఇలాంటి ఇళ్లకు నడుస్తున్న కిరాయితో మీ కిరాయిని పోల్చి చూస్తారు. "గవర్నమెంటు ఇస్తోంది కదా" అని రేటు పెంచితే ఇక్కడే ఆగిపోతుంది.

"వోచర్ వాళ్లకు ఇవ్వం" అనొచ్చా?

ఇది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని వోచర్ తీసుకోవడం తప్పనిసరి కాదు. కానీ కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో కేవలం వోచర్ ఉందన్న కారణంతో కాదనడం వివక్ష కిందికి వస్తుంది. కాలిఫోర్నియాలో 2020 నుంచి, ఇల్లినాయ్‌లో 2023 నుంచి ఈ రక్షణ అమల్లో ఉంది. టెక్సాస్ దీనికి భిన్నం. అక్కడ నగరాలు ఇలాంటి నిబంధన పెట్టకుండా రాష్ట్రమే 2015లో చట్టం చేసింది. మాజీ సైనికుల విషయంలో మాత్రం మినహాయింపు ఉంచింది. యజమాని కూడా అదే భవనంలో ఉండే చిన్న ఇళ్లకు కొన్నిచోట్ల వేరే నియమాలున్నాయి. డల్లాస్‌లో ఉన్న బంధువు చెప్పిన మాట పట్టుకుని ఎడిసన్‌లో నడుచుకుంటే చిక్కుల్లో పడతారు.

"కిరాయికి మూడింతలు ఆదాయం ఉండాలి" అన్న షరతుతోనూ జాగ్రత్త. కాలిఫోర్నియాలో ఆ లెక్కను మొత్తం కిరాయి మీద వేయకూడదు, కిరాయిదారు కట్టే వాటా మీదే వేయాలి. పై ఉదాహరణలో అయితే 1,600 మీద కాదు, 300 మీద.

"ముస్లిం ఫ్యామిలీకి మాత్రమే" అని రాయొచ్చా?

రాయకూడదు. ఇది వోచర్ ఉన్నా లేకున్నా వర్తించే నియమం. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, స్త్రీపురుష భేదం, పుట్టిన దేశం, పిల్లలున్న కుటుంబమా కాదా, వైకల్యం అనే ఏడు కారణాలతో ఇల్లు నిరాకరించకూడదు. యజమాని స్వయంగా ఉండే, నాలుగు వాటాలకు మించని భవనాలకు కొంత మినహాయింపు ఉంది. కానీ ప్రకటనకు ఆ మినహాయింపు లేదు. మసీదు నోటీసు బోర్డు మీద కాగితం అంటించినా, వాట్సాప్ గ్రూపులో పెట్టినా అది ప్రకటన కిందికే వస్తుంది. చర్మం రంగు చూసి కాదంటే ఆ మినహాయింపు కూడా కాపాడదు.

ఈ మాట మన వాళ్లలో కొందరికి ఇబ్బందిగా అనిపిస్తుంది. "మన ఇల్లు, మన వాళ్లకే ఇచ్చుకుంటే తప్పేంటి? వంటింట్లో పంది మాంసం వండుతారేమో, మద్యం తాగుతారేమో" అంటారు. కానీ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో గేటు దాకా వెళ్లి, పేరు చెప్పగానే "ముస్లింలకు ఇవ్వడం లేదండీ" అనిపించుకున్న అనుభవం మన ఇళ్లలో ఎంతమందికి లేదు? అక్కడ ఓనరు చెప్పిన కారణం కూడా వంటిల్లే. అమెరికాలో హిజాబ్ కట్టుకున్న అమ్మాయి ఇల్లు అడగడానికి వెళ్తే కాపాడేది ఈ చట్టమే. అదే చట్టం మన గుమ్మం ముందు నిలబడ్డ నల్లజాతి తల్లికీ, ఆమె పిల్లలకూ వర్తిస్తుంది.

ఇల్లు శుభ్రంగా ఉంచాలి, సిగరెట్ కాల్చకూడదు, రాత్రి పూట గోల చేయకూడదు వంటి షరతులు పెట్టుకోవచ్చు. అవి అందరికీ ఒకేలా ఉండాలి.

కిరాయిదారును ఎలా ఎంచుకోవాలి?

వోచర్ ఇచ్చిందంటే అథారిటీ ఆ కుటుంబం గురించి హామీ ఇచ్చిందని కాదు. వాళ్లు చూసేది ప్రధానంగా ఆదాయం, అర్హత. కిరాయి సమయానికి కడతారా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారా అన్నది యజమానే విచారించుకోవాలి. ఇప్పుడున్న చిరునామా, అంతకు ముందుది, అక్కడి యజమానుల వివరాలు తమ దగ్గర ఉంటే అథారిటీ మీకు ఇవ్వాలి. వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడండి. మిగతా కిరాయిదారులను ఎలా విచారిస్తారో వీళ్లనూ అలాగే విచారించాలి. ప్రమాణాలు ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే రేపు ఎవరు అడిగినా చూపించవచ్చు.

ఒప్పుకున్నాక పని ఎలా నడుస్తుంది?

కుటుంబం చేతిలో వోచర్‌కు గడువు ఉంటుంది, మొదట కనీసం 60 రోజులు. మీరు ఒప్పుకుంటే వాళ్లు అథారిటీ ఇచ్చిన అనుమతి ఫారం తెస్తారు. అందులో కిరాయి ఎంత, ఏ బిల్లు ఎవరిది, ఇల్లు ఎప్పుడు కట్టారు అనేవి నింపి, మీ లీజు నకలు జత చేసి పంపాలి. దాంతోపాటు ఇల్లు మీదేనన్న పత్రం, పన్ను ఫారం, బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. తర్వాత కిరాయి సమంజసమా అని చూస్తారు, ఇల్లు తనిఖీ చేస్తారు. రెండూ సరే అంటే లీజు, హాప్ కాంట్రాక్ట్ మీద సంతకాలు. మామూలుగా మొదటి లీజు కనీసం ఏడాది ఉండాలి. లీజు మొదలైన 60 రోజుల్లోపు హాప్ కాంట్రాక్ట్ మీద సంతకాలు పూర్తి కావాలి, లేకపోతే అది చెల్లదు.

మీ లీజుకు హడ్ వాళ్ల అనుబంధం ఒకటి తప్పక జత చేయాలి. మీ లీజులోని మాటకూ దానికీ తేడా వస్తే అనుబంధంలోని మాటే చెల్లుతుంది. సంతకం పెట్టే ముందు దాన్ని పూర్తిగా చదవండి.

తనిఖీలో ఏం చూస్తారు?

పొగ హెచ్చరిక యంత్రాలు పనిచేస్తున్నాయా, కిటికీలకు గడియలున్నాయా, వేడినీళ్లు వస్తున్నాయా, హీటర్ నడుస్తోందా, కరెంటు వైర్లు బయటికి వేలాడుతున్నాయా, మెట్లకు పట్టుకునే కడ్డీ ఉందా వంటివి. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలు ఉండబోతే పెచ్చులూడిన రంగు పెద్ద విషయం అవుతుంది. పాత రంగుల్లో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. చాలా ఇళ్లు చిన్న చిన్న వాటి మీదే ఫెయిల్ అవుతాయి. ఇన్‌స్పెక్టర్ రాకముందే మీరే ఒకసారి ఇల్లంతా తిరిగి చూసుకుంటే రెండోసారి తనిఖీ కోసం వారాలు ఆగాల్సిన పని ఉండదు.

కుటుంబం దిగాక కూడా తనిఖీలు ఉంటాయి. ప్రాణాపాయం ఉన్న లోపం బయటపడితే 24 గంటల్లో, మిగతావి సాధారణంగా 30 రోజుల్లో బాగు చేయించాలి. చేయించకపోతే అథారిటీ తన వాటా ఆపేస్తుంది. ఆ ఆగిన డబ్బు కిరాయిదారును అడగడానికి లేదు.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే రెండు తప్పులు

మొదటిది, పైన కొంత చేతికి తీసుకోవడం. "కాగితం మీద 1,600 రాద్దాం, ఇంకో 200 క్యాష్‌గా ఇవ్వండి" అన్నది ఫెడరల్ మోసం. పార్కింగ్ పేరు పెట్టినా, సామాను పేరు పెట్టినా అథారిటీకి తెలియకుండా కిరాయి పైన తీసుకునేది అంతా ఇదే కోవలోకి వస్తుంది. ఒప్పందంలో ఒకటి రాసి చేతిలో ఇంకొకటి తీసుకోవడం అమానత్‌లో ఖియానత్ అని మన పెద్దలు వేరే చెప్పక్కర్లేదు. ఇల్లు పోతుందన్న భయంతో కిరాయిదారు ఇస్తారు. అందుకే అది ఇంకా పెద్ద తప్పు.

రెండోది, సొంత బంధువులను పెట్టడం. "అమ్మీకి వోచర్ వచ్చింది, మన రెండో ఇంట్లోనే ఉంటుంది" అనుకుంటారు. కుదరదు. కిరాయిదారు కుటుంబంలో ఎవరికైనా యజమాని తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, తాత, నానమ్మ, అమ్మమ్మ, మనవడు, మనవరాలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అయితే అనుమతి ఇవ్వరు. ఆ కుటుంబంలో వికలాంగులు ఉండి, వాళ్లకు ఆ ఇల్లే అనుకూలమని అథారిటీ ఒప్పుకుంటే మాత్రం వేరు. చుట్టరికం దాచిపెట్టి సంతకం చేస్తే తీసుకున్న డబ్బంతా తిరిగి కట్టాల్సి రావచ్చు.

కిరాయి పెంచాలన్నా, ఖాళీ చేయించాలన్నా

మొదటి లీజు కాలంలో కిరాయి పెంచడానికి లేదు. ఆ తర్వాత పెంచాలంటే కనీసం 60 రోజుల ముందు అథారిటీకి రాసి ఇవ్వాలి. మళ్లీ చుట్టుపక్కల కిరాయిలతో పోల్చి చూశాకే ఒప్పుకుంటారు.

కిరాయిదారు తన వాటా కట్టకపోయినా, లీజు షరతులు పదేపదే తప్పినా ఖాళీ చేయించవచ్చు. అది కోర్టు ద్వారానే జరగాలి. కిరాయిదారుకు ఇచ్చిన నోటీసు కాపీ అథారిటీకీ పంపాలి. తాళం మార్చడం, కరెంటు కట్ చేయించడం కుదరదు. అథారిటీ డబ్బు ఆలస్యమైందని కిరాయిదారును వెళ్లగొట్టడానికి కూడా లేదు, ఎందుకంటే అది వాళ్ల బాకీ కాదు. ఇంట్లో హింసకు గురైన మహిళను ఆ గొడవ కారణంగానే ఖాళీ చేయమనకుండా వేరే ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది.

ఇక్కడ ఉంటూ అక్కడి ఇల్లు చూసుకునేవాళ్లకు

తనిఖీకి తలుపు తీయడానికి, రాత్రికి రాత్రి హీటర్ బాగు చేయించడానికి అక్కడ ఒక మనిషి కావాలి. మేనేజ్‌మెంట్ కంపెనీకో, నమ్మకమైనవాళ్లకో రాతపూర్వకంగా అధికారం ఇవ్వండి. అమెరికా పౌరసత్వం, గ్రీన్ కార్డు లేకుండా ఇండియాలో ఉంటున్నవాళ్ల కిరాయిలో మామూలుగా 30 శాతం పన్నుగా మినహాయిస్తారు, అదీ ఖర్చులు తీయకముందు మొత్తం మీద. సరైన ఫారం ఇచ్చి అక్కడ రిటర్న్ వేస్తే ఖర్చులు, తరుగుదల పోగా మిగిలిన దాని మీదే కట్టుకోవచ్చు. ఇండియాలో పూర్తి స్థాయి రెసిడెంట్ అయ్యాక ఆ ఇంటినీ, కిరాయినీ ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు.

సంతకానికి ముందు ఒకసారి చూసుకోండి

• మీ రాష్ట్రం, నగరంలో వోచర్ నిరాకరణ మీద నియమం ఏమిటో తెలుసుకున్నారా?
• ప్రకటనలో మతం, దేశం, పిల్లల ప్రస్తావన లేకుండా చూశారా?
• బిల్లులు ఎవరివో లీజులోనూ, ఫారంలోనూ ఒకేలా ఉన్నాయా?
• కిరాయిదారు వాటా, అథారిటీ వాటా విడివిడిగా రాతలో తీసుకున్నారా?
• దిగే ముందు ఇంటి ఫొటోలు తీసి, డిపాజిట్‌కు రసీదు ఇచ్చారా?
• అథారిటీ నుంచి అనుమతి చేతికి వచ్చాకే తాళాలు ఇస్తున్నారా?

చివరిది అన్నింటికన్నా ముఖ్యం. వోచర్ గడువు దగ్గర పడుతున్న తల్లి పిల్లలతో వచ్చి "ఈ రోజే దిగుతాం" అంటే కాదనడం కష్టమే. కానీ అనుమతి రాకముందు దిగితే ఆ రోజుల కిరాయి అథారిటీ ఇవ్వదు, ఆ బాకీ ఆమె మీదే పడుతుంది. ఫారం అదే రోజు నింపి పంపడం, తనిఖీకి ఇల్లు సిద్ధంగా ఉంచడం, అథారిటీకి ఫోన్ చేసి తేదీ అడగడం.. ఆ కుటుంబానికి యజమాని చేయగలిగిన మేలు ఇదే.