సెలవు రోజు రంగులు

పొద్దుపోవడానికి చేసే పనులకి కూడా చరిత్ర ఉంటుందంటే మన పెద్దవాళ్ళు నవ్వుతారు. రాజుల పట్టాభిషేకాలకీ, యుద్ధాలకీ చరిత్ర ఉంటుంది గాని, ఆదివారం పూట సముద్రం ఒడ్డున కూర్చుని ఐస్‌క్రీమ్ తినేవాడికి చరిత్రేమిటి? కాని మనం వచ్చి స్థిరపడిన ఈ బ్రిటన్‌లో ఆ చరిత్రని ఓపిగ్గా కెమెరాతో రాసినవాళ్ళున్నారు. దాన్ని రంగుల్లో రాయడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఎందుకు పట్టిందో తెలుసుకుంటే, మన ఇళ్ళల్లో అటకమీద పడివున్న ఆల్బముల విలువ కూడా తెలుస్తుంది.

మొదట పని జరిగింది నలుపు తెలుపుల్లోనే. 1937లో 'మాస్ అబ్జర్వేషన్' అనే బృందం మామూలు జనం ఎలా బతుకుతున్నారో నమోదు చెయ్యాలని మొదలుపెట్టింది. ఆ బృందం కోసం హంఫ్రీ స్పెండర్ బోల్టన్ అనే మిల్లుల ఊరిలోనూ, అక్కడి కార్మికులు సెలవులకి వెళ్ళే బ్లాక్‌పూల్‌లోనూ ఫోటోలు తీశాడు. జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడే, 1938లో. అప్పటికి వారం రోజులు సముద్రం దగ్గర గడపడం అంటే కూలివాడికి ఏడాది పొడుగునా కన్న కల.

1960లలో టోనీ రే-జోన్స్ అనే కుర్రవాడు ఇంగ్లీషువాళ్ళ వినోదాల్ని వెతుక్కుంటూ ఊళ్ళన్నీ తిరిగాడు. అతను అంతకుముందు న్యూయార్క్‌లో రంగు ఫిల్ము మీద చక్కటి ఫోటోలు తీసినవాడే. తిరిగి వచ్చి స్వదేశంలో మాత్రం నలుపు తెలుపులకే మళ్ళాడు. 1972లో ముప్ఫై ఏళ్ళకే పోయాడు. ఆ ఫోటోలు 1974లో 'ఎ డే ఆఫ్' అన్న పుస్తకంగా వచ్చాయి.

రంగంటే ఎందుకంత వెనుకంజ? ఒక కారణం ఖర్చు. రీలు ఖరీదు, కడిగించడం ఖరీదు. పైగా కాగితం మీద రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందో నమ్మకం లేదు. అంతకన్నా పెద్ద కారణం మర్యాద. రంగు అనేది వ్యాపార ప్రకటనలకీ, పోస్టుకార్డులకీ, ఇంటి ఆల్బములకీ సంబంధించిన వ్యవహారమనీ, గంభీరమైన ఫోటో నలుపు తెలుపుల్లోనే ఉండాలనీ పెద్దలు తేల్చేశారు. మన దగ్గర కవిత్వానికి గ్రాంథికమే తగినదని ఒకప్పుడు అనుకున్నట్టే ఇదీను.

ఆ చిన్నచూపు చూసిన పోస్టుకార్డుల్లోనే అసలు కథ దాగి ఉంది. జాన్ హైండ్ 1956లో డబ్లిన్‌లో కార్డుల కంపెనీ పెట్టాడు. బట్లిన్స్ అని, 1936లో స్కెగ్నెస్‌లో మొదలైన చవక సెలవు శిబిరాలున్నాయి కదా, వాటి కోసం ఆ కంపెనీ ఫోటోగ్రాఫర్లు 1960ల చివరా, 70ల మొదటా తీసిన చిత్రాలు పెళ్ళివారి పందిరిలా మెరిసిపోతుంటాయి. ఎర్రటి కుర్చీలు, నీలంరంగు ఈతకొలను, భోజనశాలలో వందలమంది జనం. ఎవరూ వాటిని కళ అనలేదు. 1970ల మొదట్లో మాంచెస్టర్‌లో ఫోటోగ్రఫీ చదువుకుంటున్న మార్టిన్ పార్, డానియల్ మెడోస్ అనే ఇద్దరు విద్యార్థులు ఫైలీలోని బట్లిన్స్ శిబిరంలో వేసవి పని చేశారు. వచ్చినవాళ్ళకి ఫోటోలు తీసి అమ్మడమే వాళ్ళ పని. ఆ కార్డులు పార్ కంట్లో అక్కడే పడ్డాయి.

పార్ కూడా దాదాపు పదేళ్ళు నలుపు తెలుపుల్లోనే పనిచేశాడు. 1982లో లివర్‌పూల్‌కి ఎదురుగా, మెర్సీ నది అవతలి ఒడ్డున ఉన్న వాలసీకి కాపురం మార్చాక రంగుకి మారాడు. వాలసీ పక్కనే న్యూ బ్రైటన్ అనే పాత విహారస్థలం. ఒకప్పుడు అక్కడ బ్లాక్‌పూల్ టవర్ని మించిన 567 అడుగుల టవర్ ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత దాన్ని విప్పేశారు. లివర్‌పూల్ నుంచి వచ్చే పడవ 1971లో ఆగిపోయింది. దేశంలో నిరుద్యోగులు 30 లక్షలు దాటిన ఆ రోజుల్లో కూడా, ఎండ కాస్తే చాలు, జనం పిల్లల్ని వెంటేసుకుని అక్కడికే వచ్చేవారు.

1983 నుంచి 85 దాకా పార్ అక్కడ తీసిన ఫోటోలు 1986లో 'ది లాస్ట్ రిసార్ట్' పుస్తకంగా వచ్చాయి. రిసార్ట్ అంటే విహారస్థలం. ఆ రెండు మాటలూ కలిపితే ఇంక వేరే దిక్కు లేనప్పుడు పట్టుకునే ఆసరా అని ఇంకో అర్థం. వాటిలో పొంగిపొర్లే చెత్తడబ్బా పక్కన నిలబడి చిప్స్ తినేవాళ్ళున్నారు. మట్టి తవ్వే యంత్రం పక్కనే సిమెంటు నేలమీద బోర్లా పడుకుని ఎండకాచుకునే ఆవిడ ఉంది. పార్ పట్టపగలు కూడా ఫ్లాష్ వేసేవాడు. దాంతో ముఖాల మీద నీడలు పోయి, ఎర్రబడ్డ భుజాలూ, కరిగి కారుతున్న ఐస్‌క్రీమూ కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

లివర్‌పూల్‌లో చూపించినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదని పార్ చెప్పేవాడు. అక్కడి జనానికి ఆ ఊరు అలాగే ఉంటుందని తెలుసు. లండన్‌లో సర్పెంటైన్ గ్యాలరీకి వచ్చేసరికి గొడవ మొదలైంది. పేదవాళ్ళని ఎగతాళి చేస్తున్నాడన్నారు. ఆ అభియోగాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. పార్ మధ్యతరగతి మనిషి, ఫోటోలోనివాళ్ళు కార్మికులు. కెమెరా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఎప్పుడూ న్యాయమైనదే. కాని ఇదే చెత్తడబ్బాని నలుపు తెలుపుల్లో తీసివుంటే చూసినవాళ్ళు 'అయ్యో పాపం' అనుకుని ఊరుకునేవారని నాకనిపిస్తుంది. రంగు ఆ జాలికి చోటివ్వలేదు. ఇది నిన్న మొన్నటి సంగతి, మన పక్క ఊళ్ళోదే అని గుర్తుచేసింది. పార్ ఆ తర్వాత మధ్యతరగతి వైపే కెమెరా తిప్పి 1989లో 'ది కాస్ట్ ఆఫ్ లివింగ్' తెచ్చాడు. 2025 డిసెంబరులో కన్నుమూశాడు.

1934లో కట్టిన న్యూ బ్రైటన్ ఈతకొలను 1990లో తుఫానుకి దెబ్బతిని కూల్చివేతకి గురైంది. ఎగతాళి అని గొడవపడ్డ ఆ పుస్తకమే ఇప్పుడు ఆ ఊరి జ్ఞాపకాలకి పెద్ద ఆధారాల్లో ఒకటి.

మరి ఈ చరిత్రలో మనలాంటివాళ్ళ చోటు ఎక్కడ? గయానాలో పుట్టిన ఇంగ్రిడ్ పొలార్డ్ 1988 నాటి 'పాస్టరల్ ఇంటర్‌లూడ్' ఫోటోల్లో ఈ ప్రశ్నే అడిగింది. ఇంగ్లండు పల్లెసీమలో ఒంటరిగా విహరించే నల్లజాతి మనుషుల చిత్రాలవి. మన పాత స్టూడియోల్లో పెళ్ళిఫోటోలకి దిద్దినట్టే, ఆవిడ వాటికి చేత్తో రంగులద్దింది. పచ్చిక బయలులో బెరుకుగానే అడుగెయ్యాల్సి వస్తుందన్న మాట ఆ ఫోటోలతో కలిపి చెప్పింది.

రంగు ఫిల్ము కూడా మనవైపు లేదు. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోడానికి కోడక్ పంపిన నమూనా కార్డు మీద తెల్లటి అమ్మాయి బొమ్మ ఉండేది. మొదట బొమ్మకి నిలబడ్డావిడ పేరుమీద దాన్ని 'షర్లీ కార్డు' అనేవారు. ఆ చర్మం బాగా వస్తే అంతా బాగున్నట్టే. తెల్లవారి పక్కన నిలబడ్డ చామనఛాయ ముఖాల్లో వివరాలు పోయేవి. చాకొలెట్లవాళ్ళూ, కర్రసామాను వాళ్ళూ గోధుమరంగులు సరిగా రావట్లేదని ఫిర్యాదు చేశాక గాని కంపెనీలో కదలిక రాలేదట.

అయినా మనవాళ్ళు తీసుకున్నారు. 1960, 70లలో డాక్టర్లుగా వచ్చినవాళ్ళూ, ఆ తర్వాత వచ్చినవాళ్ళూ, చీరమీద కోటు తొడుక్కుని బ్లాక్‌పూల్ దీపాల కింద నిలబడ్డారు. పార్కులో దుప్పటి పరిచి పులిహోర డబ్బా విప్పారు. వాటిలో మనల్ని చూసింది మనమే. ఎగతాళికీ జాలికీ తావు లేదు. వుల్వర్‌హాంప్టన్‌లో పంజాబీ కుటుంబాల ఇలాంటి ఫోటోలను 'అప్నా హెరిటేజ్ ఆర్కైవ్' పేరుతో సేకరించి భద్రం చేశారు. తెలుగువాళ్ళం ఆ పని చెయ్యడానికి అడ్డేమీ లేదు, కాలం తప్ప.

ఎందుకంటే రంగు ఆగదు. ఆనాటి ప్రింట్లలో నీలం, ఆకుపచ్చ ముందే పలచబడి, ముఖాలు ఎర్రమట్టి రంగుకి తిరుగుతున్నాయి. కోడాక్రోమ్ స్లైడ్లు చీకట్లో ఉంచితే బాగా నిలుస్తాయి గాని, ఆ ఫిల్ము తయారీ 2009లోనే ఆగిపోయింది. నెగెటివులుంటే వాటిని స్కాన్ చేయించవచ్చు. మనుషుల పేర్లని మాత్రం ఏ యంత్రమూ తిరిగి తేలేదు. ఫోటో వెనకాల మెత్తటి పెన్సిలుతో ఊరు, ఏడు, ఎడమనుంచి కుడికి పేర్లు రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ దుప్పటి మీద కూర్చున్నవాళ్ళలో ఇంకా చెప్పగలిగినవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోవాలి.