కామాఠీపుర గదులలో గాలి త్రోవ

దక్కను పీఠభూమిలో ఎండ పొడిగా నుండును, బొంబాయిలో తడిగా నుండును. ఈ భేదమును మనసున నుంచుకొనిననే గాని, కామాఠీపుర గల్లీలలోని ఇరుకు గదులలో కుట్టుమిషనుల ప్రక్కనో, లెక్కల పుస్తకముల నడుమనో చోటు చేసికొన్న చిన్న కంప్యూటరు ఏల వేడెక్కునో, దానిని చల్లార్చుటకు మన పూర్వులు వెంట తెచ్చుకొన్న ఉపాయములు ఏల కొఱగావో బోధపడదు.

పదునెనిమిదవ శతాబ్దపు తుదిభాగమున నిజాము రాజ్యమునుండి వలసవచ్చి, కట్టడపు పనులలో రాయియు సున్నమును మోసి, హారన్‌బీ వెల్లార్డు గట్టు సముద్రపు పోటు నరికట్టిన పిదప క్రమముగా మెరకయైన పల్లపు నేలలో కాపురము పెట్టిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచినది. వారి వంశములలోనే కొందఱు కంట్రాక్టరులై ధనమార్జించి, 1873లో జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిరనుట మనవారిలో పెక్కురు మఱచిన సంగతి. ఆ చరిత్ర వేఱొక వ్యాసమునకు తగినది. ఇచ్చట మనకు కావలసినది వారు విడిచివచ్చిన ఇంటి చల్లదనము. మట్టిగోడలు, వాకిటికి కట్టి నీరు చల్లు వట్టివేళ్ళ తడిక, మూల నుంచిన రంజన్‌లోని నీరు: వీనిలో తడికకును రంజన్‌కును ఆధారమైన ధర్మ మొక్కటే. నీరు ఆవిరియగుచు చుట్టునున్న వేడిని గ్రహించును. అరేబియా సముద్రపు గాలియో, ముందే తేమతో బరువెక్కి యుండుటచేత, ఇంకొక చుక్కనైనను సులభముగా స్వీకరింపదు. కనుక వేసవిలో హైదరాబాదు నేలెడు నీళ్ళ కూలరు బొంబాయిలో ఉక్కను పెంచునే గాని తగ్గింపదు. ఆ నగరమున చల్లదనమునకు మిగిలిన మార్గ మొక్కటే, గాలిని కదలించుట. గాలి కదలవలెనన్న త్రోవ కావలెను.

త్రోవ లేకపోవుటయే ఆ నగర చరిత్ర. 1896లో ప్లేగు వ్యాపించినపుడు పాలకుల దృష్టి శ్రమజీవుల గదులలోని గాలి వెలుతురులపై పడినది. 1898లో ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు ఏర్పడినది. ఆ ట్రస్టునకు అధ్యక్షుడైన ఓర్ అను అధికారి అరువది మూడున్నర డిగ్రీల నియమము నొకదానిని ప్రతిపాదించెను. దాని సారము, కట్టడపు టెత్తులో సగమైనను వెడల్పు గల ఖాళీస్థలము కిటికీ యెదుట నుండవలెననుట. 1911 జనాభా లెక్కల నాటికి నగరవాసులలో మూడింట రెండు పాళ్ళకు మించినవారు ఒంటిగది కాపురములలో నుండిరన్నచో, ఈ నియమము ఎందఱికి అందని ఫలమో ఊహింపవచ్చును. పిమ్మట 1920 దశకమున వర్లీ, నాయ్‌గాఁవ్, డిలైల్ రోడ్డు, శివడీలలో లేచిన బీ.డీ.డీ. చాళ్ళలో గది వైశాల్యము 160 చదరపు టడుగులు. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు మొదలైనవారు వర్లీ గదులలో తరతరములుగా బ్రదికిరి.

ఆ పద్మశాలీలు పనిచేసిన మిల్లులలో వేడి యాదృచ్ఛికము కాదు. కావాస్‌జీ నానాభాయి దావర్ 1854లో కంపెనీ స్థాపించి తాడ్‌దేవ్‌లో నెలకొల్పిన తొలి మిల్లు కామాఠీపురకు కూతవేటు దూరముననే యుండెను. పొడిగాలిలో పోగు తెగును గావున నేతశాలలలోనికి ఆవిరి వదలి, ఉన్న ఉక్కకు మఱికొంత ఉక్కను చేర్చెడివారు. నూలు నిలుచుటకు నేతగాడు చెమటోడ్చవలసివచ్చెను. మనిషికంటె సరకునే మిన్నగా చూచు ఈ పక్షపాతము బొంబాయి సొంతము కాదు. విల్లిస్ కారియర్ 1902లో బ్రూక్లిన్ ముద్రణాలయమునకు గాలిని సంస్కరించు యంత్రమును రూపొందించినది కాగితము సాగి రంగులు తప్పకుండుటకే. మనుష్యులకు చల్లదనము నమ్మజూపినది తరువాతి మాట. 1933లో బొంబాయిలో తెఱచిన రీగల్ సినిమా ఆ చల్లదనమును టిక్కెట్టుకు అమ్మినది.

కంప్యూటరు వచ్చినపుడును అంతే. టాటా పరిశోధనాలయమువారు నిర్మించి, 1960లో నడిపించిన టీ.ఐ.ఎఫ్.ఆర్.ఏ.సీ. యంత్రమున 2,700 వాల్వు లుండెను. వాల్వు లోపలి తీగ ఎఱ్ఱగా కాలిననే గాని పనిచేయదు గనుక ఆ యంత్రము స్వభావముచేతనే ఒక పొయ్యి. ఆ పొయ్యి ట్రాన్సిస్టరుతో చిన్నదై, చిప్పుతో మఱింత చిన్నదై, 1984లో ఆపిల్ మాకింటాష్ రూపమున ఫ్యాను లేని పెట్టెగా బల్లమీదికి వచ్చెను. వేడిగాలి తానే పైకి లేచి పైచీలికలనుండి వెడలునని తయారీదారుల ధీమా. కొన్నవారిలో పలువురు తరువాత ఫ్యానులు కొనుక్కొనిరి.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగినది. యంత్రమునకు చెమట పట్టదు. కనుక బొంబాయి తేమ దానిని ఉడికింపదు. దానికి కావలసినది గాలి యుష్ణోగ్రత మాత్రమే. మే నెలలో హైదరాబాదు నలువది డిగ్రీలు దాటినపుడు బొంబాయి ముప్పదిమూడు దరిదాపుల నుండును. మనిషి వేసారిపోవు ఆ ఊరు యంత్రమునకు నిజమునకు మేలే. అయినను కామాఠీపురలో అది వేడెక్కుటకు కారణము ఇరుకు. పోట్‌మాళా యను అటక క్రింద, స్టవ్ వేడిమి చేరు మూలలో, గోడకు ఆనించి పెట్టిన పెట్టె తాను వెడలగ్రక్కిన గాలినే మరల పీల్చును. చిప్పు తొంబది, నూఱు డిగ్రీలకు చేరినపుడు తన్ను తాను కాపాడుకొనుటకై పనిని మందగింపజేసికొనును. ఫ్యానునకు గదిగాలికంటె చల్లగా చేయు శక్తి లేదు. సంచుల కార్ఖానాలోని దారపు నూగు రెక్కలకు పట్టినచో దానికున్న కొద్ది శక్తియు సన్నగిల్లును.

మఱియొక లెక్క. ఊరక కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడిని వెలువరించును; ముమ్మరముగా పనిచేయు చిన్న కంప్యూటరు వెలువరించునదియు దాదాపు అంతయే. అనగా జనాభా లెక్కలకు ఎక్కని యొక యద్దెదారు ఆ గదిలో చేరెనన్నమాట. ఈ యద్దెదారునకు పెద్ద మర్యాదలక్కరలేదు: గోడకు జానెడు ఎడము, అటక నీడనుండి విడుదల, గ్యాలరీ వైపు తలుపు తెఱచియుండగా లోనికి వచ్చు గాలికి ఎదురుగా ముఖము, పైనున్న జాలీగుండా వేడి బయటపడు వీలు, వేసవికి ముందొకసారి నూగు దులుపుట.

ఇవి తెలిసినవారును నేడు ఏ.సీ. వైపే మొగ్గుచున్నారు. ఏ.సీ. వేడిని నశింపజేయదు, గల్లీలోనికి నెట్టును. ఓర్ కోరిన సగమెత్తు ఖాళీ లేని గల్లీలో ఆ వేడి నేరుగా ఎదుటివారి కిటికీకి చేరును. ఎదుటివారును ఒక ఏ.సీ. కొందురు.