మన్నికగల ఆటల కంప్యూటరు: విడి భాగముల చరిత్ర

ధర్మవరమునుండి కదిరి మీదుగా పాకాలకు పోవు రైలు దారిలో ముదిగుబ్బ ఒక స్టేషను. చాలకాలము ఇది మీటరు గేజి దారి. అనగా పట్టాల నడుమ వెడల్పు 1000 మిల్లీమీటర్లు. తరువాత దీనిని 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజికి మార్చిరి. గేజి మారినందువలన పాత ఇంజనులకు, పెట్టెలకు ఏ లోపమును కలుగలేదు. చక్రములు అరిగిపోలేదు, ఇరుసులు విరుగలేదు. అయినను అవి ఈ దారిపై నడచుటకు పనికిరాకపోయినవి.

దీనినిబట్టి యంత్రమునకు అంత్యము రెండు విధముల వచ్చునని తెలియుచున్నది. ఒకటి అరుగుదల, రెండవది పొందిక తప్పుట. కంప్యూటరు కొనువారు సాధారణముగా ఈ రెంటిని గూర్చియు ఆలోచింపరు. వేగమును మాత్రమే అడుగుదురు. ఎక్కువ వేగముగల యంత్రమును కొన్నచో ఎక్కువ కాలము మన్నునని తలంతురు. ఇది పూర్తిగా నిజము కాదు.

అనంతపురం పీఠభూమిలో సంవత్సరమునకు కురియు వర్షము సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిలులో జిల్లాల విభజన జరిగి ముదిగుబ్బ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, నేల మారలేదు, వాన మారలేదు. వేరుసెనగ పంట చేతికి వచ్చిన ఏడు ఇంటిలో నాలుగు రూకలు మిగులును. రాని ఏడు మిగులవు. అట్టి కుటుంబము పిల్లల చదువునకును, ఆటలకును పనికివచ్చునని ఒక కంప్యూటరును కొనినచో, అది మూడేండ్లకే మూలపడరాదు. ఏ భాగము ఎంతకాలము నిలుచునో ముందుగా చెప్పవచ్చునా? చాలవరకు చెప్పవచ్చును. అందులకు ఆ భాగముల చరిత్రయే ఆధారము.

ఒకే సంస్థ చేసిన యంత్రములు

మొదటి తరముల కంప్యూటర్లకు విడి భాగముల అంగడి లేదు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు ‘స్పేస్‌వార్’ అను ఆటను పి.డి.పి.-1 అను కంప్యూటరుపై రచించిరి. ఆ యంత్రము వెల సుమారు 1,20,000 డాలర్లు. ఆట కొరకు అందలి ఒక భాగమును తీసి మరియొక సంస్థ చేసిన భాగమును పెట్టుట ఎవరి ఊహకును అందని విషయము.

హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు దాని నిర్మాత. 1969లో వెలువడిన టి.డి.సి.-12 అను కంప్యూటరు భారతదేశమున రూపొందిన తొలి కంప్యూటర్లలో నొకటి. అట్టి యంత్రమునకు ఆయువు పోయుటయు, తీయుటయు చేసిన సంస్థ చేతిలోనే యుండెడిది.

తెరచిన తలుపు

1977లో వచ్చిన ఆపిల్-2 కంప్యూటరులో అదనపు కార్డులు పెట్టుకొనుటకు ఎనిమిది గాళ్లు (స్లాట్లు) ఉండెను. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. అందు ఐదు స్లాట్లు కలవు. త్వరగా విపణికి తేవలెనను తొందరలో ఆ సంస్థ ప్రాసెసరును ఇంటెల్ వద్దను, ఆపరేటింగ్ సిస్టమును మైక్రోసాఫ్టు వద్దను తీసికొనెను. పైగా తన యంత్రపు వలయ చిత్రములను పుస్తకముగా ప్రకటించెను. దానిని చూచి ఇతరులు కార్డులను చేయ నారంభించిరి. 1983లో కాంపాక్ సంస్థ, ఐ.బి.ఎం. వ్రాసిన ప్రోగ్రామును నకలు చేయక తానే తిరిగి వ్రాసికొని, దానితో పొందిక గల కంప్యూటరును అమ్మెను.

1987లో ఐ.బి.ఎం. ఈ తలుపును తిరిగి మూయజూచెను. క్రొత్త యంత్రములలో ‘మైక్రో చానల్’ అను వేరొక స్లాటును పెట్టి, దానిని వాడుకొను సంస్థలు రుసుము చెల్లింపవలెనని నిర్ణయించెను. గేజి మార్చుట యనిన ఇదియే. కాని 1988లో కాంపాక్ మొదలగు తొమ్మిది సంస్థలు ఏకమై, పాత కార్డులును పట్టెడి మరియొక స్లాటును ప్రకటించెను. మైక్రో చానల్ కొన్నేండ్లలో కనుమరుగయ్యెను. అందరు కలిసి అంగీకరించిన ప్రమాణము నిలుచును. ఒక్కరు విధించినది తరచు నిలువదు. కొనుగోలుదారు మరువరాని మొదటి సూత్రమిది.

నిలిచిన ప్రమాణములు, నిలువనివి

1995లో ఇంటెల్ ‘ఎ.టి.ఎక్స్.’ అను కొలతలను ప్రకటించెను. మదర్‌బోర్డునకు మరల రంధ్రములు ఎక్కడ ఉండవలెను, విద్యుత్తు నిచ్చు పెట్టె ఏ పరిమాణములో నుండవలెను అనునవి అందలి విషయములు. చిన్న చిన్న మార్పులతో అవి నేటికిని అమలులో నున్నవి. కావున క్యాబినెట్టు, ఎస్.ఎం.పి.ఎస్. అను రెండును పొందిక తప్పుటవలన త్వరగా మూలపడవు.

గ్రాఫిక్స్ కార్డు చరిత్ర వేరు. 1993లో ‘డూమ్’ అను ఆట వచ్చినపుడు తెరపై బొమ్మ గీయు పని యంతయు ప్రాసెసరే చేసెడిది. 1996లో 3డి.ఎఫ్.ఎక్స్. సంస్థ ‘వూడూ’ కార్డు ఆ భారమును తనపై వేసికొనెను. 1999లో ఎన్విడియా ‘జీఫోర్స్ 256’ను తెచ్చెను. ఈ కార్డుల కొరకే 1997లో వచ్చిన ఎ.జి.పి. స్లాటు పదేండ్లలోనే పోయెను. 2003 నాటి ‘పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్’ మాత్రము తరము తరమునకు వేగమును పెంచుకొనుచు, ఆకారమును మార్చుకొనక నిలిచినది. క్రొత్త కార్డు పాత స్లాటులో కొంత నెమ్మదిగా నైనను పనిచేయును.

ర్యామ్ అట్లు కాదు. డి.డి.ఆర్.3 2007లోను, డి.డి.ఆర్.4 2014లోను, డి.డి.ఆర్.5 2020లో ప్రమాణముగా వెలువడి 2021నుండి అంగడిలోను వచ్చినవి. ఒక తరపు ర్యామ్ మరియొక తరపు బోర్డులో పట్టకుండునట్లు గాటు స్థానమును మార్చుచుందురు. ప్రాసెసరు కూర్చుండు సాకెట్టు సంగతియు అంతే. ఇంటెల్ సాకెట్లు 2020, 2021, 2024 సంవత్సరములలో మారినవి. ఎ.ఎం.డి. సంస్థ 2016లో తెచ్చిన ఎ.ఎం.4 సాకెట్టునకు 2024లో గూడ క్రొత్త ప్రాసెసర్లు వచ్చినవి. 2017లో బోర్డు కొన్న విద్యార్థి, బోర్డు తయారుచేసిన సంస్థ అందలి ప్రోగ్రామును సవరించి ఇచ్చినచో, అయిదారేండ్ల తరువాత ప్రాసెసరు నొక్కదానినే మార్చుకొని క్రొత్త ఆటలు ఆడగలిగెను. అదే సాకెట్టు మారియుండినచో బోర్డు, ప్రాసెసరు, ఒక్కొక్కపుడు ర్యామ్ కూడ కొనవలసి వచ్చెడిది.

కావున బోర్డు కొనునపుడు అడుగవలసిన ప్రశ్న “దీని వేగ మెంత?” అని కాదు, “ఈ సాకెట్టు ఏ సంవత్సరమున పుట్టినది? ఇంకను ఎన్ని తరముల ప్రాసెసర్లు దీనికి రానున్నవి?” అని.

వేడిమి చేయు పని

ఇక అరుగుదల. కంప్యూటరులో ముందుగా అరుగునవి తిరుగు ఫ్యానులును, ఎస్.ఎం.పి.ఎస్.లోను బోర్డుపైనను ఉండు చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లును. ఈ డబ్బాలలో ఒక ద్రవముండును. వేడికి అది క్రమముగా ఎండిపోవును. 2000 ప్రాంతమునుండి కొన్నేండ్లపాటు నాసిరకపు ద్రవముతో చేసిన కెపాసిటర్లు ప్రపంచమంతట అమ్ముడుపోయి, అవి ఉబ్బి పగిలి, లెక్కకు మిక్కిలి బోర్డులు అకాలముగా పాడయ్యెను. చిప్పులు బాగుగనే యుండెను. కొద్దిపాటి వెలగల డబ్బాలు మొత్తము యంత్రమును ముంచినవి.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినచో ఇట్టి కెపాసిటరు ఆయువు ఇంచుమించు రెట్టింపగునని ఇంజనీర్లు లెక్క వేయుదురు. ఒక కెపాసిటరుపై 105 డిగ్రీలు, 2000 గంటలు అని ఉన్నదనుకొందము. పెట్టె లోపలి వేడి గదికంటె 45 డిగ్రీలు ఎక్కువ అనుకొందము. శీతకాలమున గది 20 డిగ్రీలైనచో లోపల 65 డిగ్రీలు. అనగా 105కు 40 తక్కువ. నాలుగు మార్లు రెట్టించినచో 32,000 గంటలు. వేసవిలో గది 40 డిగ్రీలైనచో లోపల 85. రెండు మార్లు రెట్టించినచో 8,000 గంటలు మాత్రమే. దినమునకు 3 గంటలు వాడినచో మొదటి లెక్కకు 29 సంవత్సరములు, రెండవ లెక్కకు 7 సంవత్సరములు. చల్లని దేశములవారు వ్రాసిన సలహాను మన మెట్ట సీమలో యథాతథముగా పాటింపరాదనుటకు ఈ లెక్కయే సాక్ష్యము.

ఎర్రమట్టి దుమ్ము మరియొక శత్రువు. అది ఫ్యానుల రెక్కలపైనను, వేడిని బయటకు పంపు లోహపు పలకల నడుమను పేరుకొని గాలిని ఆపును. క్యాబినెట్టు ముందు భాగమున కడిగి పెట్టుకొనదగిన జల్లెడ ఉండవలెను. లోనికి గాలి తెచ్చు ఫ్యానులు బయటకు పంపు ఫ్యానులకంటె ఒకటి ఎక్కువ యుండుట మేలు. అపుడు దుమ్ము సందులగుండ లోనికి పీల్చబడదు.

విద్యుత్తు లెక్క

ప్రాసెసరు 65 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 125 వాట్లు, తక్కినవన్నియు 50 వాట్లు తీసికొనునని అనుకొందము. మొత్తము 240. ఎస్.ఎం.పి.ఎస్. సామర్థ్యము 80 శాతమైనచో గోడనుండి 300 వాట్లు లాగును. అందు 60 వాట్లు వృథాగా వేడి అగును. సామర్థ్యము 90 శాతమైనచో 267 వాట్లు లాగి 27 వాట్లు మాత్రమే వేడి చేయును. సాధారణముగా సగము బరువువద్ద సామర్థ్యము బాగుండును. కనుక 240 వాట్ల యంత్రమునకు 500 లేక 550 వాట్ల పెట్టె తగును. రేపు పెద్ద కార్డు పెట్టుకొనుటకును వీలుండును. 2004లో ఆరంభమైన ‘80 ప్లస్’ గుర్తు సామర్థ్యమును మాత్రమే తెలుపును. కెపాసిటర్ల నాణ్యతను తెలుపదు. దానికి వారంటీ ఎన్నేండ్లో చూడవలెను.

బోరుబావుల మోటార్లన్నియు ఒక్కసారి నడచు వేళ పల్లెలలో వోల్టేజి పడిపోవుట అందరెరిగినదే. 100–240 వోల్టులని ముద్రించిన ఎస్.ఎం.పి.ఎస్. 180 వోల్టులవద్దను పనిచేయును. కాని అదే 300 వాట్లకు 230 వోల్టులవద్ద 1.3 ఆంపియర్లు, 180 వోల్టులవద్ద 1.67 ఆంపియర్లు లాగును. వైర్లు, ప్లగ్గులు దానికి తగినట్లుండవలెను. హఠాత్తుగా కరెంటు పోవుటకు యు.పి.ఎస్. అవసరము. ఎర్తింగు మరింత ముఖ్యము. ఎండిన నేలకు విద్యున్నిరోధము హెచ్చు. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంటలో వేసవియందు నీరు పోయు పాత అలవాటు వెనుక శాస్త్రమున్నది.

ప్రోగ్రాముల గేజి

యంత్రము బాగుండినను ప్రోగ్రాము దానిని విడువవచ్చును. మూలములు అనంతపురం జిల్లాలో గల కుటుంబమునకు చెందిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతి అయిరి. ఆ సంస్థ 2021లో విడుదల చేసిన విండోస్ 11, టి.పి.ఎం. 2.0 అను రక్షణ భాగమును, సుమారు 2017 చివరినుండి వచ్చిన ప్రాసెసరును కోరినది. విండోస్ 10కి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14న ముగిసినది. ఎన్నియో మంచి యంత్రములు ఆ దినమున పాత గేజి ఇంజను లయ్యెను. వానికి లినక్స్ ఒక దారి. కాని కొన్ని ఆటలు దానిపై నడువవు. కావున పాత ప్రాసెసరు చౌకగా దొరికినపుడు ఈ జాబితాను చూడక కొనరాదు.

గ్రాఫిక్స్ కార్డు విషయమున దానిపైనుండు జ్ఞాపకశక్తి ముందుగా చాలకపోవును. 2016లో ఎ.ఎం.డి. ‘ఆర్.ఎక్స్. 480’ను 4, 8 గిగాబైట్ల రెండు రకములుగా అమ్మెను. చిప్పు ఒకటే. మొదట రెండింటికిని భేదము స్వల్పము. ఆటల బొమ్మలు పెరిగినకొలది 4 గిగాబైట్ల కార్డు ముందుగా తడబడెను. కొద్ది రూపాయల తేడాతో జ్ఞాపకశక్తి ఎక్కువ గలదానిని తీసికొనుటయే పొదుపు.

రూపాయిని పంచు తీరు

మానిటరును ప్రక్కన పెట్టి, రూపాయిని ఇట్లు పంచవచ్చును: గ్రాఫిక్స్ కార్డుకు 35 పైసలు, ప్రాసెసరు, బోర్డులకు 30, ర్యామ్‌కు 12, ఎస్.ఎస్.డి.కి 8, ఎస్.ఎం.పి.ఎస్.కు 10, క్యాబినెట్టునకు 5. చౌకకు ఆశపడి కోత వేయరానిది ఎస్.ఎం.పి.ఎస్. అది చెడినపుడు ఒక్కటే పోక తక్కినవానిని కూడ వెంట తీసికొని పోవచ్చును. వాడిన ప్రాసెసరు కొనవచ్చును, పరీక్షించి చూచి వాడిన గ్రాఫిక్స్ కార్డును కొనవచ్చును, వాడిన ఎస్.ఎం.పి.ఎస్. కొనరాదు. బోర్డుపై నాలుగు ర్యామ్ స్లాట్లున్నచో రెండింటిని నింపి రెండింటిని రేపటికి ఉంచవలెను.

కాలమును కూడ చూడవలెను. భాగముల ధరలు ఎల్లపుడును దిగునని నమ్మరాదు. 2011లో థాయిలాండు వరదలవలన హార్డు డిస్కుల ధర పెరిగెను. 2021లో గ్రాఫిక్స్ కార్డులు దొరకుటయే కష్టమయ్యెను. 2025 చివర కృత్రిమ మేధ కేంద్రముల గిరాకివలన ర్యామ్ ధరలు మండిపోయెను. అట్టి వేళ ఖరీదు పెరిగిన భాగమును కొద్దిగా తీసికొని, స్లాటును ఖాళీగా ఉంచి, ధర దిగిన పిమ్మట చేర్చుకొనుట వివేకము. స్లాట్లున్న యంత్రమునకే ఈ సదుపాయము కలదు; అన్నియు అతికించిన యంత్రమునకు లేదు.

ఉపాధ్యాయులు పాఠశాలలో మూలబడిన పాత కంప్యూటరు నొకదానిని, కరెంటు తీసివేసి, విద్యార్థుల యెదుట విప్పి చూపవచ్చును. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము విప్పరాదు. కరెంటు తీసిన పిమ్మటను అందలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి మిగిలియుండును. ఒక్కొక్క భాగము ప్రమాణము ఏ సంవత్సరమున పుట్టినది, ఏ సంవత్సరమున పోయినది, లేక ఇంకను నిలిచియున్నది అను పట్టికను విద్యార్థులచే వ్రాయింపవలెను. ఆ యంత్రము అరిగి ఆగెనా, పొందిక తప్పి ఆగెనా అని అడుగవలెను. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల బాలుడు గాని బాలిక గాని అంగడికి పోయినపుడు ప్రకటనలను చూచి మోసపోరు. తండ్రి వేరుసెనగ అమ్మి తెచ్చిన రూపాయి పది యేండ్లు పనిచేయునట్లు చూతురు.