హరిత రసాయన కొలమానాలు (డిగ్రీ ప్రయోగశాల బోధన)

రసాయన చర్య ఎంత పొదుపుగా, ఎంత తక్కువ వ్యర్థంతో సాగిందో అంకెల్లో చెప్పే కొలతలు. ముఖ్యమైనవి రెండు: బ్యారీ ట్రోస్ట్ 1991లో ప్రతిపాదించిన పరమాణు పొదుపు, రోజర్ షెల్డన్ 1992లో ప్రచారంలోకి తెచ్చిన ఈ-ఫాక్టర్. మొదటిది సమీకరణం ప్రకారం క్రియాజనకాల బరువులో ఎంత శాతం ఉత్పన్నంలోకి చేరుతుందో, రెండోది కిలో ఉత్పన్నానికి మిగిలే వ్యర్థం ఎన్ని కిలోలో చెబుతుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంత కళాశాలల బీఎస్సీ విద్యార్థులకు బాగా పరిచయమైన ఎసిటనిలైడ్ తయారీనే చూద్దాం. 9.3 గ్రాముల అనిలీన్, 10.2 గ్రాముల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో 80 శాతం దిగుబడి వస్తే చేతికందేది 10.8 గ్రాములు. రికార్డులో 80 రాసి ఊరుకుంటే ప్రయోగం భేషుగ్గా కనిపిస్తుంది. పరమాణు పొదుపు మాత్రం 69 శాతమే, ఈ-ఫాక్టర్ 0.8, అదీ కడిగిన నీళ్లు లెక్కలో వేయకుండా.

అన్‌హైడ్రైడ్ బదులు జింకు పొడి సమక్షంలో ఎసిటిక్ ఆమ్లం వాడే పద్ధతిలో పరమాణు పొదుపు 88 శాతం. కానీ ఆమ్లం అవసరానికి మించి పోయాలి, ఎక్కువసేపు వేడి చేయాలి. ఏ ఒక్క అంకెనూ గుడ్డిగా నమ్మరాదని విద్యార్థికి తెలిసేది ఇక్కడే. నిజానికి ఈ పాఠంలో అసలు సరుకు ఇదే.

పరిశ్రమ ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చిన కొత్త ప్లాంటు 2021లో యూరియా ఉత్పత్తి మొదలుపెట్టింది. అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచి యూరియా తయారీకి పరమాణు పొదుపు 77 శాతం. మిగిలిన 23 శాతం నీరే.