వరస కలిపిన మాట: మునిర్కా అద్దెగదుల్లో పరాచికం

ఢిల్లీలోని మునిర్కాలో మేం నలుగురం ఒక గదిలో ఉన్న రోజుల్లో ఇంటి ఓనరు కొడుకు ఒక సాయంత్రం మేడమీదికొచ్చి అడిగాడు: "పొద్దున్నుంచి రాత్రిదాకా బావా, బావా అంటూనే ఉంటారు. అంటే ఏంటి?" మాలో హిందీ బాగా వచ్చినవాడు కాసేపు ఆలోచించి "జీజా" అన్నాడు. అది చాలదనిపించి "సాలా కూడా అదే" అని చేర్చాడు. అడిగిన కుర్రాడి మొహం మారిపోయింది. ఒకరినొకరు సాలా అని పిలుచుకుని కూడా కలిసి అన్నం తింటున్న నలుగురిని అతను అలా చూడటంలో తప్పేమీ లేదు. మావాడు చెప్పిన అర్థంలోనూ తప్పు లేదు. నిఘంటువు ప్రకారం ఇద్దరూ సరైనవాళ్ళే. అయినా మాట చెడింది. ఎందుకు చెడిందన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న.

తెలుగులో అక్క మొగుడు బావ. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు మనకంటే పెద్దయితే బావ. భార్యకు అన్న బావే, భర్తకు అన్నా బావే. హిందీలో ఇన్ని బంధాలకు ఇన్ని వేరు మాటలున్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ మాటల మధ్య ఎక్కువ తక్కువలున్నాయి. ఉత్తరాదిలో పిల్లనిచ్చిన వైపు ఒక మెట్టు కింద, పుచ్చుకున్న వైపు ఒక మెట్టు పైన. జీజా (అక్క మొగుడు) అల్లుడి హోదాతో వస్తాడు, సాలా (భార్య అన్నదమ్ముడు) పిల్లనిచ్చిన ఇంటి మనిషి. ఎవరినైనా సాలా అంటే "నీ చెల్లెలు నాది" అని మొహంమీద అన్నట్టు. మేనరికం ఉన్నచోట ఈ మెట్లు నిలవవు. ఈ తరంలో పిల్లనిచ్చిన ఇల్లే వచ్చే తరంలో పిల్లను తెచ్చుకుంటుంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకడే అయినప్పుడు ఒక్క మాట సరిపోతుంది. ఇరావతీ కర్వే 1953లో తెచ్చిన బంధుత్వ గ్రంథంలోనూ, థామస్ ట్రాట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వంమీద రాసిన పుస్తకంలోనూ ఉత్తర దక్షిణాల మధ్య ఈ తేడా విస్తారంగా ఉంది. పండితులు పట్టికలు గీసి చూపించిన ఆ తేడాను మా గది గుమ్మంలో ఆ కుర్రాడి మొహం ఒక్క క్షణంలో చూపించింది.

మునిర్కా మామూలు కాలనీ కాదు, ఊరు. టోకస్ గోత్రపు జాట్ల ఊరు. ఒకే గోత్రం కాబట్టి ఊళ్ళో ఆడపిల్లలందరూ ఊళ్ళో మగవాళ్ళకు అక్కచెల్లెళ్ళే, కోడళ్ళందరూ బయటి ఊళ్ళ నుంచి రావలసిందే. అంటే ఆ ఊళ్ళో పుట్టిన ఇద్దరు మగవాళ్ళ మధ్య బావ అనే వరసకు చోటే లేదు, అందరూ అన్నదమ్ములే. అలాంటి ఊరి మేడమీద చేరి, ఏ చుట్టరికమూ లేని కర్నూలువాడూ కాకినాడవాడూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటున్నారు.

ఈ ఊరి పొలాలు ఆర్.కె. పురం క్వార్టర్లకూ, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ, మరికొన్నింటికీ పోయాయి. 1966 చట్టంతో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం 1969లో మొదలైంది. మిగిలింది ఇళ్ళున్న నేల, లాల్ డోరా. 1908లో రెవెన్యూ పటాలమీద ఊరి నివాసస్థలం చుట్టూ గీసిన ఎర్రగీత అది. గీత లోపల కట్టడాలకు నిబంధనల పట్టు సడలింది. దాంతో పొలం పోయినవాడు మేడ లేపాడు. నాలుగైదంతస్తులు, ఒక బాల్కనీలోంచి ఎదుటి బాల్కనీలోకి కూరగిన్నె అందించుకోగలిగినంత సందు, పట్టపగలు లైటు వెయ్యవలసిన గదులు. పంట స్థానంలో అద్దె వచ్చింది. హాస్టలు దొరకని విద్యార్థులు, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి దుకాణాల్లో కాల్‌సెంటర్లలో పనిచేసేవాళ్ళు, మలయాళీ నర్సులు, బేర్ సరాయ్ పుస్తకాల షాపుల చుట్టూ తిరిగే సివిల్స్ అభ్యర్థులు, మా బోటి తెలుగువాళ్ళు, అందరూ ఆ గదుల్లోకే చేరారు. క్యాంపస్‌లో గోదావరి అనే అమ్మాయిల హాస్టలూ, దాని పక్కన అదే పేరుతో ఒక ధాబా ఉన్నాయి. "గోదావరి దగ్గర కలుద్దాం" అని ఫోన్లో అంటుంటే విన్న మా అమ్మ ఢిల్లీలో గోదావరి ఎక్కడిదిరా అని అడిగేది.

పరాచికానికి లైసెన్సు కావాలన్నది మానవశాస్త్రంలో పాతమాట. 1940లో 'ఆఫ్రికా' పత్రికలో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ దీనిమీద వ్యాసం రాశాడు. కొన్ని బంధుత్వాల్లో ఒకరు ఇంకొకరిని ఆటపట్టించవచ్చు, పట్టించాలి కూడా, అవతలివాళ్ళు నొచ్చుకోకూడదు. కలిసి ఉండక తప్పని, అయినా పూర్తిగా ఒకటి కాని రెండు వైపుల మధ్య వచ్చే రాపిడిని ఈ నవ్వు మోస్తుందని ఆయన వాదన. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని ఏకిపెడుతూ పాడే పాటలు విన్నవాళ్ళకు ఇది చెప్పాల్సిన పనిలేదు. మర్యాదకు పెట్టింది పేరైన సాహిత్యసభలో కూడా అష్టావధానికి అడ్డుపడే పనిని అప్రస్తుత ప్రసంగికి అధికారికంగా అప్పగించిన జాతి మనది.

అయితే తెలుగులో మాటలు ఈ సిద్ధాంతం కంటే సూక్ష్మంగా ఉన్నాయి. పరాచికం రెండువైపులా నడుస్తుంది. ఈరోజు నువ్వంటే రేపు నేనంటాను. ఎకసెక్కెం ఒకవైపే పోతుంది. వేళాకోళం పక్కనున్నవాళ్ళను నవ్వించడానికి. ఎగతాళిలో అవతలివాడు చిన్నబోవాలి. మేలమాడటంలో ఇష్టం ఉంది. పైకి వినబడే వాక్యం అన్నిటికీ ఒకటే కావచ్చు. "పప్పులో ఉప్పు వెయ్యడం కూడా నేర్పలేదా బావా మీ ఇంట్లో?" అన్నది వంట వంతు మారినప్పుడల్లా మా గదిలో వినబడే వాక్యం. ఇది పరాచికం, ఎందుకంటే మర్నాడు అన్నవాడి వంతు వస్తుంది. వంట రాక గిన్నెలు మాత్రమే తోమేవాణ్ణి అదే మాట అంటే ఎకసెక్కెం. వాడికి మర్నాడు లేదు.

ఈ గదుల్లో వరస పుట్టుకతో వచ్చింది కాదు, కలుపుకున్నది. వరస కలపడం పల్లెల్లో పాత అలవాటే, కులాలు దాటి మామా అనీ పెద్దమ్మా అనీ పిలుచుకోవడం అందరికీ తెలుసు. కానీ దాన్ని మరీ పొగిడెయ్యక్కర్లేదు. ఊరి వరసలు మాలపల్లె దాకా సమానంగా వెళ్ళలేదు. అక్కడి ముసలాయనను పదేళ్ళ పిల్లవాడు పేరుపెట్టి, ఒరే అని పిలిచిన ఊళ్ళు కోకొల్లలు. మునిర్కా గదిలో మారింది ఇదే. అద్దె నాలుగు భాగాలు. గ్యాసు నాలుగు భాగాలు. అద్దెలో సమాన వాటా ఉన్నవాడు వరసలోనూ సమానుడు. పెళ్ళి ప్రసక్తే లేదు కాబట్టే బావ అనే పిలుపు అక్కడ ఏ కులంవాడి నోటికైనా అందింది. అలాగని కులం గడప బయట ఆగిపోయిందనుకోకండి. నెలా రెండు నెలలు గడిచాక ఎవడో ఒకడు "మీ ఇంటిపేరేంటి?" అని తీరుబడిగా అడుగుతాడు. అడిగింది ఇంటిపేరు కాదని గదిలో అందరికీ తెలుసు.

ఇక్కడ సోమాలీలను తీసుకురావడానికి కారణముంది: పిలుపుల్లోనూ, ఈ ఇంటిపేరు ప్రశ్నలోనూ వాళ్ళ అనుభవం మనదానికి దగ్గరది. 1991 జనవరిలో సియాద్ బర్రే ప్రభుత్వం కూలి అంతర్యుద్ధంతో చెల్లాచెదురైన సోమాలీలు నైరోబీలో ఈస్ట్‌లీ, అమెరికాలో మినియాపొలిస్ లాంటి చోట్ల పెద్ద బస్తీలే కట్టుకున్నారు. చదువుకోసం వచ్చినవాళ్ళూ, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకున్నవాళ్ళూ ఢిల్లీలో ఉన్నారు, హైదరాబాదులో ఉన్నారు. టోలీచౌకీ వైపు వెళ్ళే తెలుగువాళ్ళకు వాళ్ళు కొత్తకాదు. 1951 శరణార్థి ఒప్పందంమీద భారతదేశం సంతకం చెయ్యలేదు కాబట్టి శరణార్థికి ఇక్కడ ఆ హోదాకంటూ ప్రత్యేక చట్టం లేదు. ఢిల్లీలో విదేశీయుల నమోదు కార్యాలయం ఉన్నది మునిర్కాకు ఔటర్ రింగురోడ్డు అవతల, ఆర్.కె. పురంలో. దాని పక్కనుంచి పోయే రోడ్డు పేరు ఆఫ్రికా అవెన్యూ. విదేశీయుడికి గది ఇస్తే ఓనరు ఇరవై నాలుగు గంటల్లో ఒక ఫారం నింపాలి. మనకైతే పోలీసు వెరిఫికేషన్ ఫారం. రెండు ఫారాల్లోనూ పేరు దగ్గరే చిక్కు. మన ఇంటిపేరు ముందుంటుంది; ఫారం చివరి పేరు అడుగుతుంది; చివరికి శ్రీనివాస్ అనేది వంశం పేరై కూర్చుంటుంది. సోమాలీకి ఇంటిపేరే లేదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. ఫారం ఆ తాతను ఇంటిపేరుగా మార్చేస్తుంది.

పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ అయినచోట మారుపేరు తప్పదు. మహమ్మద్, అహ్మద్, అబ్ది అని పిలిస్తే పదిమంది తిరిగి చూసే సమాజంలో మనిషిని గుర్తుపట్టేది 'నానైస్', అంటే మారుపేరు. దానికి ఒంటిని మించిన ఆధారం లేదు. గాబ్ అంటే పొట్టివాడు, దేరె అంటే పొడుగువాడు, మదోబే అంటే నల్లవాడు. నోరు పెద్దదని సియాద్ బర్రేకు అఫ్‌వెయ్‌నె అని పేరు. 2017 నుంచి 2022 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్న మహమ్మద్ అబ్దుల్లాహీని లోకమంతా పిలిచింది ఫర్మాజో అని. ఇటాలియన్లు చీజ్‌ను పిలిచే మాట నుంచి వచ్చిందది. అధ్యక్షుణ్ణి జున్నుముక్కా అని పిలిచినట్టు. వార్తల్లో అదే, సభల్లో అదే. మునిర్కాలోనూ ముగ్గురు సాయిలు ఒక మేడమీద చేరితే నల్గొండ సాయి, బండ సాయి, కళ్ళద్దాల సాయి అయ్యారు. కానీ బండ సాయి వాళ్ళ నాన్న ఊరినుంచి వస్తే ఆ మూడు రోజులూ వాడు ఉత్త సాయే. మన మారుపేరు పెద్దల ముందు దాక్కుంటుంది, సోమాలీ మారుపేరు అధ్యక్ష పీఠం ఎక్కి కూర్చుంటుంది. (పొట్టి శ్రీరాములుగారిది ఇంటిపేరని ఉత్తరాది మిత్రుడికి వివరించడానికి నాకు ఒక పూట పట్టింది.)

సోమాలీలకు ఇంకో మాట ఉంది: 'ఫది కు దిరిర్'. కూర్చుని చేసే యుద్ధం అని అర్థం. చాయ్ దుకాణంలో బల్లచుట్టూ చేరి స్వదేశపు రాజకీయాలమీద గంటలకొద్దీ గొంతు చించుకోవడం. ప్రవాసంలో ఎక్కడ నలుగురు సోమాలీ మగవాళ్ళు కలిస్తే అక్కడ ఇది ఉంటుందని వాళ్ళే తమమీద జోకులు వేసుకుంటారు. వాదనకు పద్యం పదును పెట్టిన సంప్రదాయం వాళ్ళది. 1979 చివర్లో మొదలైన 'దేల్లే' అనే పద్య సంవాదంలో ఒక కవికి ఇంకో కవి జవాబులు చెబుతూ పోయారు, అంతా ఒకే అక్షరపు అనుప్రాసతో. ప్రాస తప్పితే పద్యం కాదనే మనకు ఆ పట్టుదల అర్థమవుతుంది. ఇక వంశం సంగతి. వంశం పేరెత్తకూడదనుకున్న రోజుల్లో జనం "మీ ఎక్స్ ఏమిటి?" అని అడగడం మొదలుపెట్టారు, ఒకప్పటి వంశం అన్న అర్థంలో. మానవశాస్త్రవేత్త ఐ.ఎం. లూయిస్ దీన్ని నమోదు చేశాడు. మన "ఇంటిపేరేంటి?"కి ఇంతకంటే దగ్గరి చుట్టం నాకు దొరకలేదు.

గదిలోని పరాచికం అందరికీ సమానంగా లేదన్నది చెప్పకుండా దాటెయ్యలేను. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న 2009 తర్వాతి ఏళ్ళలో తెలంగాణవాళ్ళు మామా అనే గదులూ, ఆంధ్రవాళ్ళు బావా అనే గదులూ వేరయ్యాయి. అంతకుముందు యాసమీద జోకు ఉండేది, కాని ఎప్పుడూ ఒకే దిక్కుకు ప్రవహించేది. సినిమాల్లో రౌడీకీ పనివాడికీ ఏ యాస ఇచ్చారో ఆ యాసమీదే గదిలోనూ నవ్వారు. నవ్వినవాళ్ళు దాన్ని పరాచికం అన్నారు. నా లెక్కలో అది ఎకసెక్కెమే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఆ జోకులు ఆగలేదు గానీ, జవాబులు మొదలయ్యాయి. అప్పుడు గాని అది పరాచికం కాలేదు.

ఆడవాళ్ళకు ఈ వరసల్లో దొరికింది ఇంకా తక్కువ. అబ్బాయి అబ్బాయిని బావా అంటే స్నేహం, అమ్మాయి అంటే ప్రేమ, లేదా ప్రేమ అని పదిమంది అనుకోవడం. అందుకని మునిర్కా తెలుగు అమ్మాయిలకు మిగిలింది 'అన్నా' ఒక్కటే. అన్న దగ్గర పరాచికానికి చోటు లేదు. మాట భద్రంగా ఉంది, నవ్వు పోయింది. వాళ్ళలో వాళ్ళు మాత్రం "ఏమే", "ఓసే" అంటూ ఏ వరసా అక్కర్లేకుండానే నవ్వుకునేవారు. అది ఎలా సాధ్యమైందన్నది ఎవరైనా ఆడపిల్ల రాయవలసిన వ్యాసం.

గది బయట ఇంకో రకం మాటలున్నాయి. మద్రాసీ, చింకీ, కాలూ, హబ్షీ. అన్నవాణ్ణి నిలదీస్తే "మజాక్" అంటాడు. అరుణాచల్ విద్యార్థి నిడో తానియా 2014 జనవరి చివర్లో లాజ్‌పత్ నగర్‌లో తిన్న దెబ్బలకు చనిపోయాడు. గొడవ మొదలైంది అతని జుట్టుమీద వేసిన జోకుతో. ఆ తర్వాత వేసిన బెజ్‌బరువా కమిటీ అదే ఏడాది జులైలో నివేదిక ఇస్తూ ఇలాంటి మాటలను శిక్షార్హం చెయ్యాలని సిఫారసు చేసింది. 2016 మేలో మునిర్కాకు దగ్గర్లోనే, కిషన్‌గఢ్‌లో, ఆటో దగ్గర మొదలైన తగాదాలో ఒక కాంగో దేశస్థుణ్ణి కొట్టి చంపారు. సోమాలీ కుర్రాణ్ణి అతని మిత్రుడు మదోబే అని పిలిస్తే అది పేరు. అదే అర్థమున్న హిందీ మాటను గల్లీ చివర నిలబడ్డవాడు విసిరితే తిట్టు. రంగు ఒకటే, అర్థం ఒకటే, తిరిగి అనగలిగే హక్కు ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. మా ఓనరు కొడుకు మొహం మారింది కూడా అలాంటి హక్కు లెక్కలోనే: మేం అన్న మాటకు తన ఇంట్లో జవాబు లేదు, దెబ్బలాట మాత్రమే ఉంది.

ఇందులో నేను చెప్పినవి చాలావరకు నా జ్ఞాపకాలు, మా గదివి, ఇరుగుపొరుగు గదులవి. జ్ఞాపకం సర్వే కాదు. మునిర్కాలో, బేర్ సరాయ్‌లో, రాజేంద్ర నగర్‌లో గదులు పంచుకున్న తెలుగువాళ్ళు వేలల్లో ఉంటారు; ఆ గదులు రెండు మూడేళ్ళకు ఖాళీ అవుతాయి, పిలుపులు వాటితోనే పోతాయి. చదువుతున్న మీలో ఎవరైనా ఆ గదుల్లో ఉండి ఉంటే, ఎవరు ఎవరిని ఏమని పిలిచారో, ఏ జిల్లావాడు ఏ మాట తెచ్చాడో, ఏ జోకుకు ఎవరు నవ్వలేదో, ఏ సంవత్సరమో, ఒక కాగితంమీద రాసి దాచండి.